కొత్త సైకిల్‌ను మీ ఒంటికి సరిపెట్టుకోవడం

బెంగళూరులో పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో మారతహళ్ళి నుంచి బెల్లందూరు వైపు వెళ్ళే సర్వీసు రోడ్డు పక్కన కాసేపు నిలబడి చూడండి. ఆఫీసులకు సైకిళ్ళ మీద వెళ్తున్న వారిలో చాలామంది మోకాళ్ళు హ్యాండిల్‌కు తగులుతాయేమో అన్నంతగా పైకి లేపుతూ, వీపు గూనిగా పెట్టి తొక్కుతుంటారు. వారి సైకిళ్ళు మంచివే, టైర్లలో గాలి కూడా సరిగ్గానే ఉంటుంది, కానీ సీటు ఉండాల్సిన చోటు కంటే నాలుగైదు సెంటీమీటర్లు కిందికి ఉంటుంది. నేను కూడా నా మొదటి హైబ్రిడ్ సైకిల్‌ను మూడు వారాలు అలాగే తొక్కాను. కొన్న రోజున దుకాణంలో నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టి, రెండు పాదాలూ నేలకు ఆనుతున్నాయా అని అడిగారు. ఆనుతున్నాయి అనగానే సీటు బిగించి చేతికిచ్చారు. మూడో వారానికి మోకాలిచిప్ప కింద నొప్పి మొదలై, ఇంట్లో మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. సీటును కొంచెం కొంచెంగా మొత్తం నాలుగు సెంటీమీటర్లు పైకి లేపుకున్న తర్వాత ఆ నొప్పి తగ్గి, మళ్ళీ రాలేదు.

సీటు ఎత్తును నిర్ణయించాల్సింది నేల కాదు, పెడల్. ఈ ఒక్క మాట పట్టుబడితే మిగతా సర్దుబాట్లన్నీ సులువుగా అర్థమవుతాయి. సైకిల్ మీద మన శరీరం మూడు చోట్ల ఆనుతుంది: పెడళ్ళ మీద పాదాలు, సీటు మీద పిరుదులు, హ్యాండిల్ మీద చేతులు. వీటిలో పెడళ్ళ కడ్డీలు తిరిగే ఇరుసు ఫ్రేములోనే ఉండి ఎటూ కదలదు కనుక కొలతలన్నీ అక్కడి నుంచే మొదలవ్వాలి. ముందు ఇరుసును బట్టి సీటు ఎత్తు, తర్వాత సీటు ముందువెనకలు, ఆపైన సీటును బట్టి హ్యాండిల్, చివరగా హ్యాండిల్‌ను బట్టి బ్రేకు పిడులు. ఈ వరస తప్పినవారు, హ్యాండిల్ దూరంగా ఉందనిపించగానే సీటును ముందుకు జరిపేస్తారు. చేతులకు ఆ రోజుకు హాయిగానే ఉంటుంది గానీ, ఆ జరిపిన రెండు సెంటీమీటర్ల భారాన్ని మోకాళ్ళు మోస్తాయి.

ఇవన్నీ చేయడానికి ముందు ఫ్రేము సైజు సరైనదో కాదో తేల్చుకోవాలి, ఎందుకంటే ఆ తప్పును ఏ సర్దుబాటూ పూర్తిగా దిద్దలేదు. పైబారు నేలకు సమాంతరంగా ఉన్న సైకిల్ అయితే దాన్ని కాళ్ళ మధ్య పెట్టుకుని, పాదాలు రెండూ నేలపై ఉంచి నిలబడినప్పుడు గజ్జలకూ బారుకూ మధ్య కనీసం రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. ఇప్పుడు వస్తున్న సైకిళ్ళలో బారు వెనక్కి వాలుగా ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష ఒక్కటే చాలదు. సీటు మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకుంటే మోచేతులు కొద్దిగా మడిచి ఉండే వీలు ఉందో లేదో చూడండి. చేతులు కర్రల్లా బిగుసుకుపోతుంటే ఒక సైజు చిన్నది అడగండి. ఇది బిల్లు కట్టక ముందే చేయాల్సిన పని.

ఇంటికి తెచ్చాక కావాల్సిన సామాను తక్కువే. 4, 5, 6 మి.మీ. అలెన్ కీలు, పెడళ్ళకు 15 మి.మీ. పానా, కొలత టేపు, ఒక గట్టి అట్ట పుస్తకం, మూరెడు దారం, చిన్న నట్టు, కాస్త గ్రీజు, రంగు ఇన్సులేషన్ టేపు ఉంటే చాలు. పెట్టెలో వచ్చిన సైకిల్‌ను దుకాణంలో హడావుడిగా బిగించి ఇవ్వడం మామూలే కాబట్టి, కొలతల జోలికి వెళ్ళే ముందు నాలుగు విషయాలు మీరే చూసుకోండి. ముందు చక్రాన్ని కాళ్ళ మధ్య బిగించి పట్టుకుని, హ్యాండిల్ దానికి అడ్డంగా, సరిగ్గా లంబంగా ఉందో లేదో పైనుంచి చూడాలి. పెడళ్ళు బిగుతుగా ఉన్నాయో లేదో చూడాలి. ఎడమ పెడల్‌కు మర తిరగేసి ఉంటుంది కాబట్టి అది గడియారపు ముల్లుకు ఎదురు దిక్కులో తిప్పితేనే బిగుస్తుంది. తెలియక మామూలుగా తిప్పి, మర పాడుచేసుకున్నవారిని చూశాను. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపినప్పుడు హ్యాండిల్ మొదట్లో టక్ టక్ మనకూడదు. ఏ బ్రేకు పిడి ఏ చక్రానిదో కూడా ఒకసారి నొక్కి చూసుకోండి. మన దేశంలో సాధారణంగా కుడి పిడి ముందు చక్రానికి ఉంటుంది గానీ, తిరగేసి అమర్చినవీ అక్కడక్కడా కనిపిస్తాయి.

సీటు ఎత్తు

మా పిన్ని కొడుకు అనంతపురం నుంచి ఉద్యోగానికి ఇక్కడికి వచ్చి, మొన్నీమధ్య కొత్త సైకిల్ కొన్నాడు. దాన్ని సరిచేసిన పద్ధతినే ఇక్కడ చెబుతాను. ముందు వాణ్ణి చెప్పుల్లేకుండా గోడకు వీపు ఆనించి, పాదాల మధ్య జానెడు ఎడం ఉంచి నిలబెట్టాను. గట్టి అట్ట ఉన్న పాత నిఘంటువును వెన్ను పైకి వచ్చేలా, ఒక అంచు గోడకు ఆనించి కాళ్ళ మధ్య పెట్టుకుని, సీటు మీద కూర్చున్నంత ఒత్తిడి తగిలేదాకా పైకి నొక్కుకోమన్నాను. పుస్తకం వెన్ను ఉన్న చోట గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి, నేల నుంచి అక్కడికి కొలిస్తే 79 సెంటీమీటర్లు వచ్చింది. ఇది ప్యాంటు కొలత కంటే రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువే ఉంటుంది కాబట్టి దర్జీ దగ్గరి కొలతను వాడకండి. ఒకసారి కొలిచి వదిలేయకుండా మూడుసార్లు కొలిచి, మధ్యదాన్ని తీసుకోండి.

ఈ కొలతను 0.883తో గుణిస్తే వచ్చేది ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం వరకు, సీటు గొట్టం వెంబడి కొలిచే ఎత్తు. 1986, 1989, 1990 సంవత్సరాల్లో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం గెలిచిన అమెరికన్ రేసర్ గ్రెగ్ లెమాండ్ పేరుతో ఈ లెక్క ప్రచారంలోకి వచ్చింది. మావాడి విషయంలో 79ని 0.883తో గుణిస్తే 69.8 సెంటీమీటర్లు అయింది. అయితే ఇది పాదాలను పెడళ్ళకు బిగించుకుని, ముందుకు వంగి గంటల తరబడి తొక్కే పందెగాళ్ళ లెక్క. మామూలు పెడళ్ళ మీద, నిటారుగా కూర్చుని, నిమిషానికోసారి ఆగుతూ ఆఫీసుకు వెళ్ళేవారు దానికంటే ఒక సెంటీమీటరు తగ్గించి మొదలుపెట్టడం మేలని నా అనుభవం. అందుకే వాడి సీటును 68.8 దగ్గర బిగించాను.

లెక్క ఎంత చక్కగా వచ్చినా, కాలితో సరిచూసుకోకుండా నమ్మవద్దు. సైకిల్‌ను గోడ పక్కన నిలిపి, ఒక చేత్తో గోడ పట్టుకుని సీటు మీద నిండుగా కూర్చోండి. ఆఫీసుకు ఏ చెప్పులు లేక ఏ బూట్లు వేసుకుని వెళ్తారో అవే వేసుకోవాలి, ఎందుకంటే హవాయి చెప్పులకూ మందపాటి బూట్లకూ అడుగు మందంలో రెండు సెంటీమీటర్ల దాకా తేడా ఉంటుంది. పెడల్‌ను అన్నిటికన్నా కిందికి తెచ్చి దాని మీద మడమ ఆనించండి. ఆ స్థితిలో కాలు పూర్తిగా చాపుకుని, మోకాలు నిటారుగా ఉండాలి. అదే సమయంలో నడుము ఆ వైపుకు వాలకూడదు. ఇప్పుడు మడమను తీసి, కాలివేళ్ళ మొదట్లో ఉబ్బుగా ఉండే భాగాన్ని పెడల్ ఇరుసు మీద ఉంచితే మోకాలు దానంతట అదే కాస్త మడుచుకుంటుంది. ఆ మడత నిటారు కాలి కంటే 25 నుంచి 35 డిగ్రీలు ఉండటం మంచిదని సైకిల్ సరిపెట్టే పనిలో ఉన్నవారు పాటించే లెక్క. మడమతో చేసే పరీక్ష మనల్ని సుమారుగా అక్కడికే తీసుకెళ్తుంది. చివరగా, వెనక నుంచి ఎవరినైనా చూడమని చెప్పి కాస్త దూరం తొక్కండి. ప్రతి తొక్కుడుకూ తుంటి అటూ ఇటూ ఊగుతుంటే సీటు మరీ ఎత్తుగా ఉందని అర్థం.

ముందు ఫోర్కులో గానీ సీటు కడ్డీలో గానీ స్ప్రింగు ఉన్న సైకిళ్ళు మన రోడ్ల కోసమని ఎక్కువగా అమ్ముడవుతున్నాయి. ఆ స్ప్రింగు మన బరువుకు ఒకటి రెండు సెంటీమీటర్లు కుంగుతుంది. అందువల్ల సీటు కడ్డీలో స్ప్రింగు ఉంటే ఎవరూ కూర్చోనప్పుడు కొలిచిన ఎత్తు పనికిరాదు, కూర్చున్నాకే మడమ పరీక్ష చేసి తేల్చుకోవాలి.

సీటు కడ్డీని పైకి లాగేటప్పుడు దాని మీద చెక్కి ఉన్న హద్దు గీతను తప్పక చూడండి. ఆ గీత ఫ్రేము గొట్టం లోపలే ఉండిపోవాలి. బయటికి కనిపించేంత పైకి లాగితే గతుకులో పడ్డప్పుడు కడ్డీ వంగవచ్చు, ఫ్రేము చీలిపోవచ్చు. కావాల్సిన ఎత్తు రాకముందే గీత బయటపడితే పొడవైన కడ్డీ వేయించుకోవాలి. ఇంకో మాట: లోహపు కడ్డీ, లోహపు ఫ్రేము అయితే కడ్డీని ఒకసారి పూర్తిగా బయటికి తీసి, తుడిచి, పలుచగా గ్రీజు పూసి మళ్ళీ దించండి. బెంగళూరు వానల్లో తడిస్తే నీరు ఆ సందులోకి దిగుతుంది. గ్రీజు లేని కడ్డీ రెండు వానాకాలాలకు లోపలే పట్టుకుపోతే, ఆ తర్వాత ఎత్తు మార్చడం మెకానిక్కు కూడా గండమే. కార్బన్ కడ్డీకి మాత్రం గ్రీజు పూయకూడదు.

సిగ్నల్ దగ్గర ఆగడం

సీటు సరైన ఎత్తుకు చేరగానే అందరికీ వచ్చే భయం మావాడికీ వచ్చింది. "అక్కా, ఇంత ఎత్తులో కూర్చుంటే కాలు నేలకు ఆనడం లేదు, సిగ్నల్ దగ్గర పడిపోనా?" అన్నాడు. "సిగ్నల్ దగ్గర సీటు మీదే కూర్చోమని నీకెవరు చెప్పారురా?" అన్నాను. చిన్నప్పుడు అద్దె సైకిల్ మీద, సీటు అందక బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కినవాళ్ళమే మనమంతా. అప్పుడు సీటు మీద కూర్చోకుండానే ఆగేవాళ్ళం, దిగేవాళ్ళం. పెద్దయ్యాక ఆ అలవాటు పోయి, స్కూటరు మీద లాగా కూర్చున్నచోటనే రెండు కాళ్ళూ దించి ఆగడం అలవాటైంది. సైకిల్‌కు ఆ పద్ధతి నప్పదు.

ఆగేటప్పుడు చేయాల్సింది ఇది. సిగ్నల్ ఇంకా కాస్త దూరంలో ఉండగానే తేలిక గేరులోకి మార్చుకోండి. వేగం తగ్గాక ఎడమ పెడల్‌ను కిందికి తెచ్చి, దాని మీద బరువు మోపి సీటు ముందుకు దిగండి. సైకిల్ ఆగుతున్న క్షణంలో ఎడమవైపు కొద్దిగా వంచి ఎడమ పాదం నేల మీద పెట్టండి. మనది ఎడమవైపు ప్రయాణం కనుక ఎడమ కాలు ఫుట్‌పాత్ వైపు, బండ్లకు దూరంగా ఉంటుంది. నిలబడి ఉన్నంతసేపూ పిరుదులు సీటు ముందు, బారు పైన ఉంటాయి. ఆ వ్యవధిలో కుడి పెడల్‌ను వెనక్కి తిప్పి, గడియారంలో రెండు గంటల ముల్లు ఉండే చోటికి తెచ్చి ఉంచుకోండి. పచ్చ దీపం రాగానే ఆ పెడల్ మీద నిలబడితే ఒక్క తొక్కుడుతో సైకిల్ కదులుతుంది, మీరూ సీటు మీదికి చేరతారు. ఇది ట్రాఫిక్‌లో నేర్చుకోవాల్సిన విద్య కాదు. అపార్ట్‌మెంటు లోపలి దారిలో గానీ, ఆదివారాలు వాహనాలను రానివ్వని కబ్బన్ పార్కు రోడ్ల మీద గానీ ఓ ఇరవై ముప్ఫై సార్లు ఆగి, కదిలి సాధన చేయండి. మావాడికి ఒక్క సాయంత్రంలో పట్టుబడింది. అప్పటికీ భయం పోనివారు మొదటి వారం సీటును ఒకటిన్నర సెంటీమీటర్లు తక్కువగా ఉంచుకుని, ధైర్యం వచ్చేకొద్దీ అర సెంటీమీటరు చొప్పున లేపుకోవచ్చు.

సీటు ముందువెనకలు, వాలు, వెడల్పు

ఎత్తు కుదిరాక, పెడల్ కడ్డీలు రెండూ నేలకు సమాంతరంగా వచ్చేలా తిప్పి, పాదాలు వాటి స్థానాల్లో ఉంచి కూర్చోండి. దారానికి నట్టు కట్టి, ముందున్న కాలి మోకాలిచిప్ప కింద ఉండే ఎముక గడ్డ దగ్గర పట్టుకుని, మేస్త్రీ గోడ నిటారును చూసుకోవడానికి గుండు వేలాడదీసినట్టు వదలండి. దారం పెడల్ ఇరుసు మీదుగా గానీ, ఒక సెంటీమీటరు వెనకగా గానీ పడితే సరిపోతుంది. ఇరుసు దాటి ముందుకు పడుతుంటే సీటు కింద బోల్టు వదులు చేసి, పట్టాల మీద సీటును వెనక్కి జరపండి. ఇది శరీరశాస్త్రం నుంచి తేలిన కచ్చితమైన నియమం కాదు, మొదలుపెట్టడానికి పనికివచ్చే గుర్తు మాత్రమే. సీటును ఒక సెంటీమీటరు వెనక్కి జరిపితే పెడల్‌కు దూరం సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది, ముందుకు జరిపితే అంతే తగ్గుతుంది. కాబట్టి ఎత్తును మళ్ళీ ఒకసారి చూసుకోవాలి.

సీటు వాలు సంగతి త్వరగా తేలుతుంది. సీటు మీద అట్టముక్క పరచి, మేస్త్రీలు వాడే రసమట్టం లేదా ఫోనులోని మట్టం చూపే యాప్ దాని మీద పెట్టి, సమతలంగా ఉంచితే చాలామందికి సరిపోతుంది. ముక్కు కిందికి వాలితే ఒళ్ళు ముందుకు జారుతూ బరువంతా అరచేతుల మీద పడుతుంది. పైకి లేస్తే సున్నితమైన చోట ఒత్తుకుని తిమ్మిరి పడుతుంది. మార్చాలనుకుంటే ఒక డిగ్రీ, మహా అయితే రెండు.

వెడల్పు గురించి మాత్రం, ముఖ్యంగా ఆడవాళ్ళ కోసం, కొంచెం వివరంగా చెప్పాలి. కూర్చున్నప్పుడు బరువు మోయాల్సింది పిరుదుల్లోని రెండు ఎముకలు. సీటు ఇరుకుగా ఉంటే ఆ ఎముకలు అంచుల బయటికి పోయి, బరువు మధ్యలోని మెత్తటి భాగం మీద పడుతుంది. సాధారణంగా స్త్రీలకు ఆ ఎముకల మధ్య దూరం ఎక్కువగా ఉంటుంది, అయితే సైకిల్‌తో వచ్చే సీటు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాకపోవచ్చు. పార్సిల్ పెట్టెల గరుకు అట్టను గట్టి స్టూలు మీద పరచి, మోకాళ్ళు కాస్త పైకి ఉండేలా ఒక నిమిషం కూర్చుని లేస్తే రెండు గుంటలు పడతాయి. వాటి మధ్యల దూరాన్ని కొలిచి, నిటారుగా కూర్చుని తొక్కేవారు దానికి మూడు సెంటీమీటర్లు కలిపితే కావాల్సిన సీటు వెడల్పు వస్తుంది. నాకు ఆ దూరం 13 సెంటీమీటర్లు వచ్చింది. సైకిల్‌తో వచ్చిన సీటు 14 సెంటీమీటర్ల వెడల్పుది. నేను నెల రోజులు పడ్డ బాధంతా ఆ రెండు సెంటీమీటర్లదే. చాలామంది దానికి విరుగుడుగా జెల్ కవరు కొని తొడుగుతారు. అది సీటును ఒకటి రెండు సెంటీమీటర్లు ఎత్తుచేసి అంతకుముందు చూసుకున్న కొలతను చెడగొడుతుంది, మెత్తదనం వల్ల ఎముకలు లోపలికి దిగిపోయి మధ్యభాగం మరింత ఒత్తుకుంటుంది. డబ్బు పెట్టదలిస్తే సరైన వెడల్పు ఉన్న, ఓ మాదిరి గట్టిగా ఉండే సీటు మీద పెట్టండి.

హ్యాండిల్, బ్రేకు పిడులు

ఆఫీసుకు వెళ్ళే సైకిల్‌కు హ్యాండిల్ సీటుతో సమానమైన ఎత్తులో గానీ, దానికంటే రెండు నుంచి ఐదు సెంటీమీటర్లు పైకి గానీ ఉండటం బాగుంటుంది. తల ఎత్తి దూరంగా ఉన్న బస్సునూ, పక్క సందులోంచి దూసుకొచ్చే ఆటోనూ చూడగలగాలి కదా. సీటును లేపిన తర్వాత హ్యాండిల్ కిందికి పోయినట్టు అనిపించడం సహజం. పాత పద్ధతి సైకిళ్ళలో హ్యాండిల్ కాండాన్ని, అంటే హ్యాండిల్‌ను సైకిల్‌కు కలిపే ముక్కను (స్టెమ్), ఫ్రేములోకి దించి, పైనున్న ఒకే బోల్టుతో బిగిస్తారు. ఆ బోల్టును మూడు నాలుగు చుట్లు వదులు చేసి, చెక్క అడ్డం పెట్టి సుత్తితో మెల్లగా తడితే కాండం విడివడుతుంది. దీనికీ సీటు కడ్డీలాగే హద్దు గీత ఉంటుంది. కొత్త సైకిళ్ళలో కాండం ఫోర్కు గొట్టానికి పక్కనుంచి రెండు బోల్టులతో పట్టుకుని ఉంటుంది. ఎత్తు పెంచాలంటే పైన ఉన్న ఉంగరాలను కాండం కిందికి మార్చాలి, లేదా వాలు పైకి ఉండేలా కాండాన్ని తిరగేయాలి. ఇక్కడ బిగించే వరస ముఖ్యం. మొదట పైమూత బోల్టును హ్యాండిల్ ఊగకుండా, కానీ తేలిగ్గా తిరిగేంత మాత్రమే బిగించి, తర్వాత పక్క బోల్టులు రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించాలి. పక్క బోల్టులు బిగించి ఉండగా పైమూతను ఎంత తిప్పినా ప్రయోజనం లేదు.

బోల్టుల పక్కన, ఎంత బలంతో బిగించాలో చెప్పే అంకె న్యూటన్ మీటర్లలో ముద్రించి ఉంటుంది. ఎక్కువగా అది 4 నుంచి 6 వరకు ఉంటుంది. 5 న్యూటన్ మీటర్లంటే పది సెంటీమీటర్ల పొడవున్న కీ చివర సుమారు ఐదు కిలోల బరువు వేలాడదీసినంత బలం. పిడికిలి నిండా పట్టుకుని గుంజితే అది ఇట్టే దాటిపోతుంది కనుక కీని వేళ్ళతో పట్టుకుని తిప్పండి.

హ్యాండిల్ దూరంగా ఉంటే పొట్టి కాండం వేయించుకోవడమే సరైన మందు. 90 మి.మీ. బదులు 60 లేదా 70 మి.మీ. కాండం వేస్తే భుజాల మీద పడే బరువు అప్పటికప్పుడే తగ్గుతుంది.

బ్రేకు పిడులను దుకాణంలో ఎక్కువగా నేలకు సమాంతరంగా వదిలేస్తారు. దానివల్ల వేళ్ళు వాటి మీద ఉంచిన ప్రతిసారీ మణికట్టు వెనక్కి విరుగుతుంది. సీటు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని హ్యాండిల్ పట్టుకోండి. మోచేయి నుంచి వేళ్ళ కణుపుల వరకు ఒకే వాలులో ఉండేలా పిడులను కిందికి తిప్పి బిగించండి. చేతులు చిన్నవైతే పిడి మొదట్లో ఉండే చిన్న మరను తిప్పి దాన్ని దగ్గరికి తెచ్చుకోవచ్చు. చూపుడువేలు, నడిమివేలు మొదటి కణుపు దాకా పిడి మీద పడాలి. పూర్తిగా నొక్కినా పిడి హ్యాండిల్‌కు తగలకూడదు. ఇది సుఖం కోసం మాత్రమే చేసే పని అనుకోవద్దు. ఫ్లైఓవరు దిగుతున్నప్పుడు ముందున్న క్యాబ్ హఠాత్తుగా ఆగితే వేళ్ళు పిడిని వెతుక్కునే ఆ అరక్షణమే మనల్ని నిలబెడుతుంది లేదా పడేస్తుంది.

బరువుతో, బట్టలతో పరీక్ష

ఖాళీగా చేసిన సర్దుబాటు ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకోగానే మారిపోతుంది. ఐదారు కిలోల బరువు వీపు మీద ఉంటే అరచేతులకూ నడుముకూ ఒత్తిడి పెరుగుతుంది. వెనక క్యారియర్‌కు పక్కసంచి తగిలించుకోవడం ఉత్తమం, కాకపోతే మడమ వెనక్కి వచ్చినప్పుడు సంచికి కొట్టుకోకుండా దాన్ని వెనక్కి జరిపి కట్టాలి. చున్నీ, వదులు పైజామా వేసుకునేవారు చైనుకు పూర్తి కవరు, వెనక చక్రానికి వల ఉన్న సైకిల్ చూసుకోండి. చీర కట్టుకునేవారికి బారు కిందికి వంగిన ఫ్రేము తప్ప మరొకటి సౌకర్యంగా ఉండదు. గాలి విషయంలో టైరు పక్కన ముద్రించిన హద్దుల మధ్యనే ఉండండి. పై హద్దు దాకా కొట్టిస్తే స్పీడ్ బ్రేకర్ల దెబ్బంతా మణికట్టులోనే దిగుతుంది, ఆ తప్పును మనం హ్యాండిల్ మీదికి నెడతాం.

బెంగళూరు చూడటానికి చదునుగా ఉన్నా, 900 మీటర్లకు పైగా ఎత్తున్న పీఠభూమి మీద చెరువుల పల్లాలకూ మిట్టలకూ మధ్య పరుచుకున్న ఊరు. అందుకని చదును రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తొక్కి సరే అనుకోకుండా, రోజూ వెళ్ళే దారిలోనే, ఒక ఎత్తుతో సహా, ఆ బట్టలతో, ఆ సంచితో మూడు నాలుగు రోజులు తొక్కి చూడాలి.

ఆ రోజుల్లో ఒళ్ళు చెప్పేది వినండి. మోకాలి ముందుభాగం నొప్పి పెడితే సీటు తక్కువగా గానీ మరీ ముందుకు గానీ ఉంది. మోకాలి వెనక లాగుతుంటే ఎక్కువ ఎత్తులో ఉంది. చేతులు తిమ్మిరెక్కితే సీటు ముక్కు వాలును ముందు చూసి, తర్వాతే హ్యాండిల్ ఎత్తును అనుమానించండి. మెడ, భుజాలు పట్టేస్తే హ్యాండిల్ దూరంగానో కిందికో ఉంది. ఏది మార్చినా ఒకసారికి ఒకటే మార్చాలి, అదీ అర సెంటీమీటరు చొప్పున. రెండూ మూడూ కలిపి మార్చితే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు. రెండు వారాలైనా నొప్పి తగ్గకపోయినా, కాళ్ళ పొడవులో తేడా ఉన్నా, మోకాలికి పాత దెబ్బ ఉన్నా, నగరంలో కొలతలు తీసి సైకిల్ సరిపెట్టే నిపుణులు ఉన్నారు కాబట్టి వారి దగ్గరికి వెళ్ళండి. తిమ్మిరి సైకిల్ దిగాక కూడా వదలకపోతే ముందు డాక్టరును కలవండి.

ఒకే సైకిల్‌ను ఇంట్లో ఇద్దరు వాడుతుంటే సీటు కడ్డీ మీద ఎవరి ఎత్తు దగ్గర వారి రంగు టేపు చుట్టుకోండి. మా ఇంట్లో ఎర్రది నాది, పచ్చది మావారిది. అర నిమిషంలో మార్చుకుంటాం. మీటతో వదులయ్యే బిగింపు ఉన్న సీటును మెట్రో స్టేషను బయట వదిలి వెళ్తే తిరిగొచ్చేసరికి అది ఉంటుందన్న నమ్మకం లేదు కాబట్టి, ఒక్కరే వాడే సైకిల్‌కు బోల్టు బిగింపు వేయించుకోవడం నయం.

మొదటి వారం తర్వాత అన్ని బోల్టులనూ మళ్ళీ ఒకసారి కీతో చూసుకోవాలి, ఎందుకంటే కొత్తలో అవి కుదురుకుంటూ కొద్దిగా వదులవుతాయి. బ్రేకు తీగలూ సాగుతాయి, పిడి లోపలికి ఎక్కువగా వస్తుంటే తీగను బిగించుకోవాలి. ఆ రోజునే ఇరుసు నుంచి సీటు ఎత్తు, సీటు ముక్కు నుంచి హ్యాండిల్ దూరం, నేల నుంచి హ్యాండిల్ ఎత్తు, ఈ మూడు అంకెలనూ ఒక చీటీ మీద రాసి, ప్లాస్టిక్ టేపు వేసి సీటు అడుగున అంటించండి. సర్వీసుకు ఇచ్చినప్పుడు మెకానిక్ కడ్డీ తీసి మళ్ళీ బిగిస్తే, ఆ చీటీ చూసి టేపుతో కొలిచి చెప్పవచ్చు. మావాడి సీటు కింద ఇప్పుడు ఉన్న అంకె 69.3. మొదట నేను బిగించిన దానికి వాడే ఒక అర సెంటీమీటరు కలుపుకున్నాడు.